ఇప్పుడా రావడం?

పెళ్ళి కార్డు ఇవ్వడం వేరు, పెళ్ళికి పిలవడం వేరు. ఈ తేడా తెలియని మనిషి మా కడియంలో ఒక్కరే ఉండేవారు. ఆయన మా నాన్నగారు కావడం, ఆ పెళ్ళి నాది కావడం నా ఖర్మ.

నిజానికి మా వైపు ఎవరూ మాటని పైపైన విని ఊరుకోరు. ఇంటికొచ్చినవాళ్ళని "ఇంకేంటండీ విశేషాలు" అని రెండోసారి అడిగామంటే ఇక లేచి వెళ్ళమని. "చూద్దాం లెండి" అంటే ఇక చూసేదేమీ లేదని. మా నర్సరీకి బేరానికొచ్చిన మనిషి "మళ్ళీ వస్తామండీ" అన్నాడంటే ఈ జన్మకి రాడని. ఇవన్నీ నాన్నగారికి కొట్టిన పిండి. మొక్కలు లారీలకెత్తించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే వ్యాపారుల మనసులో ఏముందో మొదటి మాటకే పట్టేసేవారు. సొంత అక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివంతా ఏ లారీ ఎక్కి వెళ్ళిపోయేదో!

ఆ అక్కే మా మేనత్త. పాలకొల్లులో ఉండేది. ఇంటర్ చదివినన్నాళ్ళూ నేను ఆవిడ ఇంట్లోనే ఉన్నాను. రోజూ పొద్దున్నే నన్ను గుమ్మంలో కూర్చోబెట్టుకుని జడ వేసేది. చిక్కు తీస్తుంటే నేను గోలపెట్టకుండా ఎప్పుడూ ఒకే మాట అనేది: "నీ పెళ్ళికి పూలజడ నేనే కుడతానే కోడలా. ఇంకోళ్ళ చెయ్యి పడనిస్తానా?" కాలేజీకి టైమైపోతోందని విసుక్కుంటూనే ఆ మాటని మనసులో దాచుకున్నాను. అత్త మాట ఇచ్చిందంటే ఆ పని సగం అయిపోయినట్టే.

పెళ్ళి కుదిరింది. పిలుపులకి అమ్మా నాన్నగారూ కలిసి వెళ్ళాలి. అమ్మ బొట్టు పెట్టాలి. నాన్నగారు కార్డు చేతికిచ్చి "మీరంతా తప్పకుండా రావాలి" అనాలి. అలా నోటితో అంటేనే అది పిలుపు. తీరా పాలకొల్లు వెళ్ళాల్సిన రోజున అమ్మకి జ్వరం తగిలింది. నాన్నగారు ఒక్కరే వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ మంచం మీద నుంచే అడిగింది.

"వదినగారిని పిలిచారా?"

"చెప్పాను."

"చెప్పడం కాదండీ, పిలిచారా?"

"గురువారం పెళ్ళని చెప్పాను. ముహూర్తం ఎప్పుడో చెప్పాను. వంటవాళ్ళు ఎవరో కూడా చెప్పాను. గుత్తొంకాయ కూర చేసి పెట్టింది, తిన్నాను. కార్డు టీవీ మీద పెట్టొచ్చాను. ఇంకేం చెయ్యాలి?"

"రమ్మన్నారా?"

నాన్నగారు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అమ్మ వైపు వింతగా చూశారు. "మా అక్కని నేను రమ్మనడమేంటే? రమ్మని పరాయివాళ్ళకి చెబుతారు."

అమ్మ దుప్పటి ముసుగు పెట్టేసింది. పాపం జ్వరం ఎక్కువైందని ఆయన అనుకున్నారు.

మర్నాడే ఫోన్ మోగింది. అత్త. అమ్మ ఆరోగ్యం అడిగింది, జ్వరానికి మిరియాల కషాయం ఎలా కాచాలో చెప్పింది, చివర్లో ఎంతో శాంతంగా, "పెళ్ళి బాగా చెయ్యండమ్మా. అయ్యాక ఫోటోలు పంపించండి" అంది.

ఫోటోలు పంపించండి! ఆ మాటకి అర్థం మా ఇంట్లో నాన్నగారికి తప్ప అందరికీ తెలిసిపోయింది. నేను అమ్మ చేతిలోంచి రిసీవర్ లాక్కున్నాను.

"అత్తా, నువ్వు రాకపోవడమేంటి? నేను పిలుస్తున్నాను, రా."

"నువ్వు పిలిస్తే అది పిలుపు కాదే, బతిమాలడం."

"పోనీ అమ్మ పిలుస్తుంది."

"మీ అమ్మ పిలిస్తే అది మర్యాద. నా పుట్టింటికి నన్ను పిలవాల్సినోడు నా తమ్ముడు. వాడేమో వచ్చి వార్తలు చదివినట్టు చదివి వెళ్ళాడు. రేడియోలోనూ చెబుతారు, ఫలానా చోట ఫలానాది జరుగుతోందని. విన్నామని బస్సెక్కేస్తామా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రమ్మంటే పరాయిదాన్ని చేసినట్టని ఆయన. రమ్మనకపోతే పరాయిదాన్ని చేసినట్టని ఈవిడ. ఇద్దరి బాధా ఒక్కటే. మధ్యలో నా జడ.

నాన్నగారి వెంటపడ్డాను. "ఒక్కసారి ఫోన్ చేసి 'రా' అనండి నాన్నగారూ. మీ సొమ్మేం పోయింది?"

"రాకపోతే అప్పుడడుగుతాను, ఎందుకు రాలేదని" అన్నారు తాపీగా, గులాబీ అంటుమొక్కలకి నీళ్ళు పెట్టిస్తూ.

ఎందుకైనా మంచిదని అమ్మ కడియపులంకలో పూలజడలు కుట్టే ఆవిడకి కబురు పెట్టింది. ఆ సంగతి తెలిసి నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. నా కోపమంతా అన్నం మీదే చూపించే రోజులవి. పెళ్ళి దగ్గర పడేకొద్దీ నాకు భయం పట్టుకుంది. అత్త పంతం నాకు తెలుసు, నాన్నగారి పంతం ఇంకా బాగా తెలుసు. అత్త లేని పెళ్ళి నాకు అక్కర్లేదని అమ్మ దగ్గర ఏడ్చాను కూడా.

పెళ్ళి ముందురోజు పొద్దున నన్ను పెళ్ళికూతుర్ని చేశారు. పసుపు రాసిన ముఖంతో అరుగు మీద కూర్చున్నాను. మా ఇల్లు నర్సరీలోనే ఉండేది. గేటు నుంచి అరుగు దాకా దారికి అటూ ఇటూ క్రోటన్లూ మల్లె అంట్లూ. నాన్నగారు గేటు దగ్గర నిలబడి పందిరివాళ్ళ మీద కేకలేస్తున్నారు. అప్పుడు ఆటో వచ్చి ఆగింది.

అత్త దిగింది. మెరూన్ రంగు పట్టుచీర, చేతిలో సూట్‌కేసు. వెనకాల మావయ్యగారు, ఆయన భుజం మీద అరటిగెల. అత్త గేటు దాకా వచ్చి సరిగ్గా బయటే ఆగింది.

"ఏవండీ" అంది నాన్నగారితో. సొంత తమ్ముణ్ణి! మా వైపు అండీ అనేది అందరికీ ఇచ్చే మర్యాదే. కానీ తోడబుట్టినవాణ్ణి అండీ అన్నారంటే చెంప మీద కొట్టినట్టే. "మల్లె అంట్లు ఉన్నాయాండీ? ఓ రెండు కొనుక్కుందామని వచ్చాం."

పందిరివాళ్ళు చేస్తున్న పని ఆపేశారు. మావయ్యగారు గెల బరువు అటు మార్చుకుంటూ కొబ్బరిచెట్ల కేసి చూడడం మొదలుపెట్టారు. అమ్మ పరుగున వెళ్ళి, "అయ్యో వదినగారూ, లోపలికి రండి" అంది. అత్త అమ్మని చూసి ప్రేమగానే నవ్వింది. కాలు మాత్రం కదపలేదు.

"ఉండమ్మా, బేరం తేలనీ."

నాన్నగారు అత్తని చూశారు, సూట్‌కేసుని చూశారు, గెలని చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది. ఎక్కడ అంటు ఇంత అని రేటు చెప్పేస్తారోనని అరుగు మీంచి లేచి నిలబడ్డాను. చెప్పగల మనిషే.

"ఇప్పుడా రావడం?" అని అరిచారు. "పెళ్ళి రేపనగా ఇప్పుడా రావడం? పసుపు దంచేటప్పుడు ఇక్కడ ఉండాల్సిన మనిషివి! పిల్ల తిండి మానేసి గేటుకేసే చూస్తా కూర్చుంది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావక్కా పాలకొల్లులో?"

ఆలస్యంగా వచ్చావని ఎవర్ని పడితే వాళ్ళని తిట్టలేం. వాళ్ళు రావాల్సినవాళ్ళయి ఉండాలి. ఆ సంగతి అత్తకి మాకందరికంటే ముందే తట్టింది. ముఖం విప్పారిపోయింది.

"విన్నారుగా" అంది మావయ్యగారితో. "ఉండాల్సిన మనిషినంట."

కుడికాలు గేటు లోపల పెట్టి, సూట్‌కేసు నాన్నగారి చేతికి తగిలించింది. "బస్సు దొరకొద్దేంట్రా?" అంది. 'అండీ' పోయి 'రా' వచ్చేసింది. నాన్నగారు ఆ సూట్‌కేసు మోసుకొచ్చారు.

లోపల అది తెరిస్తే పైనే కనిపించాయి సూదులూ, తెల్లదారం, నా జడ పొడుగుకి కత్తిరించి పెట్టుకున్న అట్టముక్కా.

"ముందే అన్నీ సర్దుకున్నావా అత్తా? మరి నాన్నగారు అలా అనకపోతే?"

"గేటు బయటే కూర్చుని కుట్టిచ్చి వెళ్ళేదాన్ని. మాటిచ్చాను కదే!"

కుట్టింది. మల్లెమొగ్గల మధ్య కనకాంబరాల వరస పెట్టి, ఊరంతా చెప్పుకునేలా కుట్టింది. ఆ బరువుకి నా తల పైకి లేవలేదు. పెళ్ళికూతురికి ఎంత సిగ్గో అని మగపెళ్ళివారు మెచ్చుకున్నారు. వెళ్ళేటప్పుడు అత్త రెండు మల్లె అంట్లు నిజంగానే పట్టుకెళ్ళింది, బేరం లేకుండా.

పెళ్ళయ్యాక మొదటిసారి మావారితో కలిసి పుట్టింటికి వచ్చాను. మేం ఆటో దిగుతుంటే నాన్నగారు గేటు దాకా ఎదురొచ్చి, "రండి రండి, లోపలికి రండి" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో! నా ప్రాణం ఉసూరుమంది. ఆ 'రండి'లో నేనూ ఉన్నానా? నన్నూ ఇక పిలవాల్సిన వాళ్ళలో కలిపేశారా? మావారు లోపలికి నడిచారు. నేను గేటు బయటే ఆగిపోయాను, అచ్చం మా అత్తలాగే.

నాలుగడుగులు వేసిన నాన్నగారు వెనక్కి తిరిగి చూశారు.

"నీకు వేరే చెప్పాలేంటి? మీ అమ్మ నిన్నట్నుంచి చూస్తంది. ఇప్పుడా రావడం?"

"బస్సు దొరకొద్దేంటి నాన్నగారూ?" అన్నాను, కళ్ళు తుడుచుకుని లోపలికి నడుస్తూ.