జిన్‌ఫాండెల్ పక్కన మిరియాల వేపుడు

1981 ఆగస్టులో కాలిఫోర్నియాలోని సియెరా కొండల దిగువన ఒక చిన్న వైనరీలో ల్యాబ్ కెమిస్టుగా చేరాను. అంతకు ముందు టమాటా సాస్ ఫ్యాక్టరీలో పని చేశాను. ఇక్కడ యజమానీ వైన్‌మేకరూ ఒక్కరే, ఏంజెలో. ద్రాక్షలో చక్కెర, వైన్‌లో పులుపు, ఆల్కహాలు కొలిచి ఆయనకు చెప్పడం నా పని.

అక్కడి రెడ్ వైన్‌ను జిన్‌ఫాండెల్ అనే నల్లద్రాక్షతో చేస్తారు. పాత తీగలకు పందిరి ఉండదు. మొదళ్లు లావెక్కి, పొట్టి చెట్లలా వాటంతట అవే నిలబడతాయి. ఈ ద్రాక్ష మహా పెంకిది. ఒకే గుత్తిలో పచ్చికాయ, పండు, ఎండి కిస్మిస్ అయినదీ కలిసే ఉంటాయి. కోసిన రోజు రసంలో ఉన్న చక్కెర, తొక్కలతో నానిన ఎండుపళ్లు తీపి వదిలాక మర్నాటికి పెరుగుతుంది. మొదటి ఏడాది అది తెలియక, పరికరమే పాడైందని మూడుసార్లు కడిగాను. ఏంజెలో గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

అప్పట్లో అదే ద్రాక్షతో చేసే గులాబీ రంగు తీపి వైన్‌కు గిరాకీ బాగా పెరిగింది. దానికి కాయను ముందే, తీపి తక్కువగా ఉండగానే కోయాలి. 1983 వేసవిలో, తన తాత నాటిన పాత తోటను కూడా గులాబీ వైన్‌కే ఇచ్చేస్తానని ఏంజెలో చెప్పాడు. చెబుతూ నా వైపు చూడలేదు. ఒక్క ఆశ మిగిలింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో రెస్టారెంటు నడిపే రూత్ అనే ఆవిడ జూలైలో ఒక ఆదివారం భోజనానికి వస్తోంది. మా రెడ్ నచ్చి తన మెనూలో పెట్టుకుంటే ఆ తోట రెడ్‌కే మిగులుతుంది. కాల్చిన మాంసం అందరూ పెడతారనీ, నా భార్య సుశీల చేత వండిద్దామనీ ఏంజెలో అన్నాడు.

సుశీల హడలిపోయింది. "వాళ్ల వైన్‌కి మన కూరేంటండీ? సరే, ముందు మనం ట్రై చేద్దాం" అంది.

శనివారం పెరట్లో కాసిన గోంగూరతో మాంసం వండింది. కూర అమోఘం. దాని మీద వైన్ తాగితే మాత్రం గొంతు మండింది, పండు రుచి చచ్చిపోయింది. కూరలోని పులుపు వైన్‌ను చప్పగా చేసింది, మిరపకారం ఆల్కహాలు ఘాటును రెట్టింపు చేసింది. అదే ఆమెకు చెప్పాను.

"నా కూరకేం కాలేదు. మీ వైన్‌కే ఏదో అయింది" అంది సుశీల. తనూ ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. కాసేపు ఆలోచించి, "ఇందులో మిరియాల వాసన ఉందండీ" అంది.

నిజమే. ఆ వైన్‌లో బ్లాక్‌బెర్రీ తీపి వెనక మిరియపు ఘాటు ఉంటుంది. రెండేళ్లుగా కొలుస్తున్న నాకు అది వంటింటి వైపు దారి చూపలేదు. ఆదివారం ఆమె గోంగూరా చింతపండూ మానేసి, ఎండుమిర్చి బాగా తగ్గించి, ధనియాలూ మిరియాలూ దంచి మేకమాంసం పొడిగా వేయించింది. పక్కన నువ్వులపొడి కూరిన గుత్తివంకాయ చేసింది.

వైన్ పీపాలు ఉంచే సెల్లార్ బయట బల్ల వేశాం. రూత్ ఒక ముక్క తిని, ఒక గుక్క తాగి, ఆగింది. మళ్లీ తిని, మళ్లీ తాగింది. ఏంజెలో ఫోర్క్ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మిరియం కూరలో ఉందా, వైన్‌లో ఉందా అని ఆవిడ అడిగింది.

"హాఫ్ హాఫ్ అండీ" అంది సుశీల కంగారులో.

రూత్ పగలబడి నవ్వి పళ్లెం ముందుకు తోసింది, ఇంకా వడ్డించమని. వంకాయకు కూడా ఆ వైనే కుదిరిందంది. వెళ్లేముందు రెడ్ తన మెనూలో ఉంటుందని చెప్పింది. ఏంజెలో సుశీలకు రెండు చేతులూ జోడించి, అచ్చం మనలాగే, వంగి నమస్కారం పెట్టాడు. ఆ సెప్టెంబరులో పాత తోటను రెడ్‌కోసం పూర్తిగా పండనిచ్చాం.

పులుపు, చక్కెర, ఆల్కహాలు సరిగా ఉంటే వైన్‌లో లోపం లేదని మాత్రమే అర్థం. అది దేనికి పనికొస్తుందో భోజనం దగ్గరే తేలుతుంది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ వైన్ మీదా ఖాళీ కడుపుతో తీర్పు చెప్పలేదు.