పొగాకు బ్యారన్‌లో వడియాలు

సిగరెట్ల కంపెనీకి గాలి మీద బెంగ పట్టుకోవడం నేను నార్త్ కరోలినాలోనే చూశాను. డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. పెట్రోలు కరువై బంకుల ముందు కార్లు బారులు తీరేవి. పొగాకు ఆరబెట్టే కొట్లకు, అంటే బ్యారన్‌లకు, బోలెడంత గ్యాస్ తగలబడి గాలి పాడవుతోందని, అది తగ్గించాలని ఒక కంపెనీ మా ఆయన పనిచేసే యూనివర్సిటీకి డబ్బిచ్చింది. వీళ్ళు ఎండతోనే ఆకు ఆరబెట్టే బ్యారన్ కట్టారు. పైన వెలుతురు దూరే కప్పు, లోపల నల్లరంగు గోడలు. చుట్టూ గాలి శుభ్రంగా ఉంటే జనం హాయిగా సిగరెట్లు కాల్చుకుంటారని కాబోలు.

మా ఆయన ఉద్యోగమంతా ఆ బ్యారన్ మీదే ఆధారపడి ఉంది. కిందటేడు మబ్బులకి ఆకంతా బూజు పడితే, బ్యారన్‌కి ఏవో మార్పులు చేశారు. ఈసారి ఆకు వెయ్యకముందే కంపెనీ మనిషి వచ్చి చూసి, లాభం లేదన్నాడంటే డబ్బు ఆగిపోతుంది. ఉద్యోగం పోతుంది, దాంతో వీసా కూడా. ఆయనకి అన్నం సయించడం మానేసింది. నాకేమో వడియాల బెంగ. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెడితే సగం ఉడతలు తిన్నాయి, మిగతా సగం తీసెయ్యమని మేనేజరు తలుపుకి నోటీసు అంటించాడు.

"ఏమండీ, ఆ బ్యారన్ ఇప్పుడు ఖాళీయేగా? ఆకు వేసేది జూలైలో కదా?"

"అది రీసెర్చ్ ఫెసిలిటీ. మీ పుట్టింటి డాబా కాదు."

"ఎండ కూడా యూనివర్సిటీవాళ్ళదేనా?"

ఆయన తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. సోమవారం వెళ్ళి సగ్గుబియ్యం వడియాలు, మజ్జిగలో ఊరిన మిరపకాయలు ట్రేల నిండా పరిచి వచ్చాను. ఆ క్షణం నుంచి ఒకటే మబ్బు. ఆ దేశపు సూర్యుణ్ణి నేను తిట్టని తిట్టు లేదు.

శుక్రవారం వాటిని తెచ్చుకుందామని ఇద్దరం వెళ్ళేసరికి తలుపు ముందు ప్రొఫెసరు, పక్కన టై కట్టుకుని కంపెనీ మనిషి! వచ్చే వారం రావలసినవాడు, ఇటువైపు పనుండి ముందే వచ్చాడట. మా ఆయన "సర్, వన్ మినిట్" అనేలోగా ప్రొఫెసరు తలుపు తీసేశాడు.

మూసిన గదిలో మగ్గిన మిరప ఘాటు ఒక్కసారిగా బయటికొచ్చింది. కంపెనీ మనిషి తుమ్మాడు, దగ్గాడు, టైతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ పొగ అమ్మి బతికినవాడు నా మిరపకాయలకి గోడ పట్టుకున్నాడు. నాకు నవ్వాగలేదు. మా ఆయన చూసిన చూపుకి ఆగింది.

"ఏమిటివి?" అన్నాడు ప్రొఫెసరు ఇంగ్లీషులో.

"మై వైఫ్స్..." అని మా ఆయన అక్కడే ఆగిపోయాడు. చల్ల మిరపకాయల్ని ఇంగ్లీషులో ఏమనాలో నాకూ తెలీదు.

ప్రొఫెసరు ఒక మిరపకాయ తీసి విరిచాడు. పుటుక్కుమంది. ఇంకోటి విరిచాడు. అదీ అంతే. మూడోదానికి చెయ్యి చాపేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. సోమవారం పెట్టానని, వారమంతా ఎండ మొహం చూడలేదని, ఆరక ఆరక ఇవాళ్టికి ఆరాయని, దయచేసి విరగ్గొట్టొద్దని నాకొచ్చిన ఇంగ్లీషులో కడిగేశాను.

కంపెనీ మనిషి దగ్గు ఆగిపోయింది. "మబ్బులోనే ఆరాయా? గ్యాస్ వెలిగించకుండా?"

ప్రొఫెసరు పరుగున వెళ్ళి, అవసరానికని పెట్టిన గ్యాస్ మీటరు చూసొచ్చాడు. అది కదల్లేదు. కంపెనీ మనిషి తనే ఒక మిరపకాయ విరిచి చూసుకుని, మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, ఇంకో ఏడాది కానివ్వమన్నాడు. తర్వాత ఊపిరి కుదుటపడటానికని బయటికెళ్ళి సిగరెట్ వెలిగించుకున్నాడు.

ట్రేలు వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరాం. కొంతదూరం పోయాక మా ఆయన కారు పక్కకి ఆపాడు. చెయ్యి వెనక్కి చాపి, చేతికందిన వడియం ఒకటి వేయించకుండానే నోట్లో వేసుకుని నమిలాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"కారం ఎక్కువేశావే" అన్నాడు.

సగ్గుబియ్యం వడియాల్లో నేను ఉప్పూ జీలకర్రా తప్ప ఇంకేమీ వెయ్యను. "అవునండీ, ఎక్కువైంది" అన్నాను.