కుక్కర్లో బోటి

కుక్కర్ మూతకు వేసే రబ్బరుకు ఎంత తోమినా పోని వాసన ఒకటి ఉంటుంది, పాచిపోయిన ఆవిరి వాసన. అది ముక్కుకు తగిలిందంటే చాలు, తొంభైలలో తార్నాక పక్కన, క్యాంపస్ క్వార్టర్లో గడిచిన ఆదివారాలు గొంతులోకి వచ్చేస్తాయి.

నాన్న యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పేవాడు. ఆయన మెట్టుగూడ నుంచి తెచ్చిన బోటిని, అంటే మేక పేగులను, నానమ్మ నల్లా కింద కూర్చుని ఒక్కొక్కటీ తిరగేసి, పసుపూ ఉప్పూ రాసి కడుగుతుంటే, ఆకుపచ్చని జిగురు నీళ్లు మోరీలోకి పారేవి, ఈగలు ముసిరేవి, నేను గౌను అంచుతో ముక్కు మూసుకుని గుమ్మం బయట నిలబడేదాన్ని. తర్వాత మధ్యాహ్నం దాకా గిన్నెలో ఉడికేది. చలికాలం తలుపులు మూస్తే ఆ కంపు దుప్పట్లకూ నా స్కూలు యూనిఫారానికీ పట్టేది. ఎండాకాలం కొత్త మామిడికాయ పచ్చడి ముద్దలో కూడా అదే తగిలేది. పై అంతస్తు మేడమ్ అయితే ఏ కాలమైనా దడాలున కిటికీలు మూసి, మెట్ల మీద ఫినాయిల్ చల్లించేది.

ఆమెకు జంకి నాన్న కుక్కర్ కొన్నాడు. "గిన్నెల నీళ్లు ఎంత మంట పెట్టినా వంద డిగ్రీలు దాటయమ్మా. ఈ కుక్కర్ల ఆవిరి బయటికి పోదు, ఒత్తిడి పెరుగుతది, నూటిరవై దాకా వేడెక్కుతయి. జల్ది ఉడుకుతది, వాసన గూడ రాదు" అని నానమ్మకు చెప్పాడు. నన్ను ల్యాబుకు తీసుకెళ్లి, గాజు గంట కింద గోరువెచ్చని నీళ్లు పెట్టి, పంపుతో గాలి లాగేసి, ఒత్తిడి తగ్గితే ఏమవుతుందో చూపించాడు. నీళ్లు తెర్లాయి, బుడబుడమని మరిగాయి. గాలి వదిలాక వేలు పెడితే వేడే లేదు. చచ్చినదేదో కదిలినట్టనిపించింది.

వాసన తగ్గలేదు సరికదా, విజిల్ విజిల్‌కూ మెట్ల దాకా చిమ్మేది. ఒక ఆదివారం విజిల్ గొట్టంలో కొవ్వు అడ్డుపడి, మేమంతా ముందు గదిలో ఉండగా, సేఫ్టీ వాల్వు పేలింది. వంటింటి పైకప్పు నుంచి బూడిదరంగు రసం కారింది. ఫ్యానుకు పేగు ముక్కలు వేలాడాయి. నేను గుమ్మంలోనే కక్కేశాను.

పై మేడమ్ దిగివచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఇంత చదువుకుని కూడా ఇవి మానరా?" అంది.

"సారీ మేడమ్, ఇగ వండం" అన్నాడు నాన్న, తల దించుకుని.

ఆమె వెళ్లిపోయాక, గోడ తుడుస్తున్న నానమ్మ ఆయన వైపు తిరగకుండానే అంది: "గిదే తిని చదివినవు గదరా. నీకెప్పటిసంది కంపు కొడ్తున్నది?"

తర్వాతి ఆదివారం నాన్న మళ్లీ వెళ్లి బోటి తెచ్చాడు, పెరట్లో రాళ్లు పేర్చి పొయ్యి ముట్టించాడు, పొగ పై కిటికీల్లోకి పోతుంటే నానమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. నేను దూరంగా పెరుగన్నం తిన్నాను.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, నానమ్మ లేదు. తార్నాక హోటళ్లలో బోటి ఫ్రై మీద నిమ్మచెక్క పెట్టి ఇస్తున్నారు, నా కొడుకు లొట్టలేస్తూ తింటాడు. ఇంట్లో చెయ్యమంటాడు. పేగు కడగడం వచ్చినవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. నేర్చుకుందామన్నా, నాకు ఈనాటికీ అసహ్యమే.