అష్టమి నాడు వచ్చిన జిరాక్స్ మిషన్

ఆ రోజుల్లో నాకు అక్షరాల్లో కనపడ్డ ప్రతి మాటా నిజమే అనిపించేది. (ఆ రోజులంటే ఏ తాతల కాలమో అనుకునేరు. అప్పటికే ఊళ్లో ప్రతివాడి జేబులోనూ ఫోనుంది, ఫోనులో ప్రపంచంలోని అంగళ్లన్నీ ఉన్నాయి. లేనిదల్లా నాకు బుద్ధి.) "వాడినది, చాలా మంచి కండిషన్" అని ఎవడో ఎక్కడో రాస్తే, ఆ రాసినవాడికి ఊరూ పేరూ ఉందా, అసలు వాడు ఆ వస్తువుని కళ్లతో చూశాడా అని అడగాలని తోచేది కాదు. వంకాయలు కొనాలంటే మా అమ్మ ఒక్కో కాయనీ తిప్పి చూసి, తొడిమ దగ్గర గిల్లి, పుచ్చులన్నీ ఏరి పక్కన పారేసి, అప్పుడు గానీ తూకానికి పెట్టనిచ్చేది కాదు. ఆమె కడుపున పుట్టిన నేను నడుమెత్తు మిషన్ని బొమ్మ చూసి కొన్నాను. ఆ బొమ్మ కూడా ముందువైపుది ఒక్కటే. వెనకవైపు ఎలా ఉంటుందో చూడాలన్న ఆలోచన కూడా రానివాణ్ణి ఏమనాలో మీరే అనుకోండి, నేను అనుకోవలసినవన్నీ అనుకున్నాను.

నాన్న పోయాక మా ఇంట్లో మాట మామది. అమ్మకి సొంత తమ్ముడు. గురజాలలో మిర్చి కొట్టు నడిపేవాడు కాబట్టి ఊరంతా ఆయన్ని మిర్చి మామ అనేది. నా డిగ్రీ అయిన దగ్గర్నుంచీ నన్ను ఆ కొట్లో గుమాస్తాగా కూర్చోబెట్టాలని ఆయన పట్టుదల. నాకేమో ఆ కొట్టు గడప తొక్కితే చాలు, తుమ్ములు మొదలై కళ్లూ ముక్కూ ఏకమయ్యేవి. జీవితమంతా తుమ్ముతూ బతకడం నా వల్ల కాదని కోర్టు ఎదురుగా ఓ చిన్న గది మాట్లాడుకున్నాను. కోర్టన్నాక కాగితాలు ఉంటాయి, కాగితాలన్నాక జిరాక్స్ కావాలి, ఇంతకంటే తిరుగులేని వ్యాపారం ఏముంటుందని నా లెక్క. అమ్మ నా తరఫున తమ్ముడితో పోట్లాడింది. "ఒక్కసారి వాడి మాట విందాం రా, వాడేమన్నా తాగి తిరుగుతున్నాడా" అంది. మామ చాలాసేపు మీసం సవరించుకుని, "సరే అక్కా. కొత్త కాయ వచ్చేలోపు వీడి షాపు నడిస్తే నేను నోరెత్తను. నడవకపోతే మాత్రం ఇంక నాకు అడ్డం రామాక. మారు మాట్లాడకుండా కొట్టుకొచ్చి కూర్చోవాల" అన్నాడు. అప్పటికి చేలల్లో మిరప ఇంకా పూతలోనే ఉంది. నా బతుకు ఆ పూత మీద ఆధారపడి ఉందని నాకొక్కడికే తెలుసు.

మిషన్ వచ్చింది. పార్శిల్ ఆటో తోలే భాయ్ దాన్ని మా ఇంటి గుమ్మంలో దించాడు. అట్టపెట్టె మీద గాజుగ్లాసు బొమ్మ వేసి, పైకి చూపించే బాణాలు గీశారు. బాణాలు నేలవైపు చూస్తున్నాయి, గ్లాసు తలకిందులుగా ఉంది. పెట్టె మూల ఒకటి లోపలికి సొట్టపోయింది. భాయ్ మంచివాడు. "అన్నా, దించేటప్పుడు లోపల గలగలమంటంది. ఒక్కసారి ఇప్పి చూసుకో, నేనుంటా" అన్నాడు. నేను కత్తెర కోసం లోపలికి వెళ్లబోతే అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇయ్యాల అష్టమి. ముట్టుకోమాకండి." మరి రేపు? రేపు నవమి. దశమి నాడు పొద్దున్నే నా పేరుకి బ్రహ్మాండమైన ముహూర్తం ఉందట, షాపు తెరవడం, పెట్టె తెరవడం రెండూ అప్పుడేనట. గలగల సంగతేంటమ్మా అంటే, "లోపల సామానుంటే చప్పుడు రాదా, ఖాళీ పెట్టెకి రాదు గానీ" అంది. ఎంత సబబుగా ఉందో చూడండి. డిగ్రీ చదివిన నేను అది విని తల ఊపాను. దెబ్బ తగిలిన సరుకు సంగతి అందిన రోజే చెప్పాలని ఆ కంపెనీ వాడు చీమ తలకాయంత అక్షరాలతో ఓ షరతు రాసుకున్నాడని మాకెవరికీ తెలియదు. తెలిసినా అమ్మ ముందు ఆ షరతు నిలిచేది కాదు, అష్టమి అష్టమే.

దశమి నాడు పెట్టెని కోర్టు ఎదురుగా ఉన్న గదికి చేర్చి, గది ముందు మామిడాకులు కట్టాం. మా ఇంటి పై వాటాలో అద్దెకుండే వకీలు బాబాయి నల్లకోటుతోనే వచ్చాడు. ఆయన దగ్గరికి కక్షిదారులు వచ్చి చాలాకాలమైంది, అందుకని ఏ పనికి పిలిచినా కోటు వేసుకునే వచ్చేవాడు. "పెట్టె తెరవడం వీడియో తీయాల. సాక్ష్యం ఉండాల అబ్బాయ్" అని నా ఫోను లాక్కుని, ముందు తన మొహానికే పెట్టుకుని, ఈ రోజు తిథి వార నక్షత్రాలతో సహా వాంగ్మూలం చదవడం మొదలుపెట్టాడు. మామ ఓ మూల కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. అమ్మ పెట్టె పక్కన రాయి మీద కొబ్బరికాయ ఠపీమని కొట్టింది. నేను పెట్టె కోశాను. లోపల ఓ పాత పేపరు, గాలిబుడగల ప్లాస్టిక్కు ఒక్క చుట్టు. అంత బరువున్న మిషన్ని అన్ని వందల మైళ్లు పంపడానికి వాడు పెట్టిన రక్షణ అదీ. మా వీధి చివర గాజులమ్మే సాయిబు గారు డజను గాజులకి అంతకు మూడింతలు గడ్డి కూరుతాడు. మూత ఒకవైపు ఊడి వేలాడుతోంది, కాగితాల అర రెండు ముక్కలైంది, నల్లపొడి డబ్బా పగిలింది. ఎత్తగానే ఆ పొడి భళ్లున లేచి నా మొహం మీదా, బాబాయి కోటు మీదా, మామ తెల్ల పంచె మీదా పడింది. కోటు ఎలాగూ నల్లదే కాబట్టి బాబాయికి నష్టం లేదు.

అమ్మ మాత్రం, "ముహూర్తం దాటిపోతంది, ముందు నన్ను బొట్టు పెట్టనియ్యండి" అని వంగి, మూత లోపలివైపు మూలన పసుపు ముద్దతో శ్రీ అని రాసి, కింద కుంకుమ అద్దింది. అమ్మ చేతి శ్రీకి తోక బారెడు ఉంటుంది. ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. నాకు ఏడుపొచ్చింది, ఆ తర్వాత దానికి రెండింతలు కోపం వచ్చింది.

కంపెనీకి ఫోను చేశాను. సన్నాయి మోగింది. నా కాల్ వాళ్లకి ఎంతో ముఖ్యమని ఓ ఆడగొంతు చెప్పి మళ్లీ సన్నాయి పెట్టింది. (అంత ముఖ్యమైతే ఎత్తొచ్చుగా.) చివరికి ఓ అమ్మాయి ఎత్తి, జరిగినదానికి తను ఎంతగానో చింతిస్తున్నానని, వీడియో పంపమని, నేను ఇంకేమైనా సంతోషకరమైన సహాయం కోరుకుంటున్నానా అని అడిగింది. పంపాను. జవాబొచ్చింది. "మీ వీడియోలో వస్తువు పక్కన గట్టి పదార్థంతో బలంగా కొట్టినట్టు కనబడుతోంది. తర్వాత వస్తువు మీద పసుపు, ఎరుపు రంగుల రసాయనాలు పూశారు. వాడుకదారు చేసిన నష్టానికి మా బాధ్యత లేదు." అమ్మకి చదివి వినిపించాను. తిట్టినా అంత బాధపడేది కాదు. "పసుపు కుంకుమల్ని రసాయనమన్నాడా వాడు? వాడింట్లో ఆడోళ్లు లేరా?" అని రోజంతా అదే మాట.

వకీలు బాబాయికి మాత్రం పండగైపోయింది. "గట్టి పదార్థమంట. ఏందది, టెంకాయ. దీన్ని నేను చూసుకుంటా వదినా, వీణ్ణి బోనెక్కించకపోతే నేను కోటు విప్పేస్తా" అని రోజూ సాయంత్రం మా ఇంట్లో కాఫీ తాగుతూ నోటీసులు రాశాడు. తమరు గట్టి పదార్థమని పేర్కొన్నది శుభకార్యములందు వాడబడు నారికేళమనియు, అది పక్కనున్న రాతిపై కొట్టబడెనే గాని మిషనుపై కాదనియు రాశాడు. వాళ్లు రెండు రోజుల్లో చెప్తామన్నారు. రెండు రోజులయ్యాక మళ్లీ రెండు రోజులన్నారు. "మా కోర్టే నయంరా, వాయిదా వేసేటప్పుడు తారీఖన్నా చెప్పిద్ది" అన్నాడు బాబాయి.

ఈలోగా నా షాపు నడుస్తూనే ఉంది, మిషన్ లేకుండా. బోర్డు ఉంది, బల్ల ఉంది, రెండు కుర్చీలున్నాయి. జనం కాగితాలు పట్టుకొచ్చేవారు, నేను పక్క వీధి షాపుకి దారి చూపించేవాణ్ణి. నీడగా ఉందని, వాయిదాలకొచ్చినవాళ్లు అన్నం క్యారేజీలు నా బల్ల మీద విప్పుకునేవారు. మామ బండి మీద పోతూ రోజూ ఓసారి ఆగేవాడు. "ఏరా, పప్పు బాగుందా?" అని అడిగి వెళ్లిపోయేవాడు. చేలల్లో పిందె కాయైంది, కాయ పండుబారింది. నాకు కలలో కూడా తుమ్ములొచ్చాయి.

బాబాయి నోటీసులకి భయపడ్డారో, ఆయన తెలుగుకి భయపడ్డారో, చివరికి కంపెనీ దిగొచ్చింది. పాడైన మిషన్ వెనక్కి పంపితే, తమ నిపుణులు క్షుణ్ణంగా పరీక్షించిన మరో మిషన్ పంపుతామంది. భాయ్ వచ్చి పాతది పట్టుకెళ్లాడు. కొన్నాళ్లకి భాయే మరో పెట్టె తెచ్చాడు. సరిగ్గా ఆ రోజే మామ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "మిర్చి యార్డుకి కొత్త కాయ దిగింది. రేపు పొద్దున్నే కొట్టుకి రా" అన్నాడు. అందులో కోపం లేదు, అదే నన్ను మరీ భయపెట్టింది. అమ్మ రాహుకాలం అని ఏదో అనబోతే ఈసారి నేను వినలేదు. భాయ్‌ని నిలబెట్టి, అందరి ముందూ పెట్టె కోసి, మూత ఎత్తాను. ఆ మూలన పసుపు మరక. కుంకుమ తుడిచారు గానీ పసుపు పోలేదు. శ్రీ. తోక బారెడు. నిపుణులు క్షుణ్ణంగా పరీక్షించిన ఆ మరో మిషన్ మా మిషనే. మొదట వచ్చినప్పుడు పగలకుండా మిగిలిన అద్దం కూడా ఈసారి పగిలింది, అదొక్కటే తేడా.

"మన మిషన్ మనింటికే వచ్చిందిరా" అంది అమ్మ, అంత బాధలోనూ ఆప్యాయంగా.

మామ లేచి వచ్చి వంగి చూశాడు. వేలితో ఆ పసుపు గీకి వాసన చూశాడు. నేను తల దించుకుని నిలబడ్డాను. "కింద తాలుకాయ పోసి పైన మంచికాయ పరిచేవాళ్లని చానామందిని చూశా. బస్తా మధ్యలో రాళ్లేసినోణ్ణీ చూశా. తిప్పి పంపిన బస్తాని మళ్లీ మనకే కొత్తదని పంపినోణ్ణి నా సర్వీసులో చూళ్లా" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "ఇందులో నీ తప్పేముందిరా. పని నేర్చుకోవాలంటే నువ్వు నా దగ్గర కాదు, నేను ఈ కంపెనీవాడి దగ్గర చేరాల. పద, బండెక్కు."

నేను కొట్టుకి అనుకున్నాను. బండి నరసరావుపేట వెళ్లింది. అక్కడ వాడిన మిషన్లు అమ్మే షాపులో మామ మిరపకాయ బేరమాడినట్టే ఆడాడు. ముందు వరసలోది కాదు, వెనక దుమ్ములో ఉన్నది బయటికి లాగించాడు. తన ఆధార్ కార్డు ఇచ్చి, కాపీ మీద కాపీ తీయించి, "నా గెడ్డం కింద పులిపిరి కనపడాల, అప్పటిదాకా తీయండి" అని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. పులిపిరి కనపడ్డాక గానీ బేరం తెగలేదు. తిరుగు ప్రయాణంలో దాన్ని, కబురంపి రప్పించిన తన మిర్చి ట్రాలీలో ఎక్కించి, చుట్టూ ఖాళీ గోతాలు దట్టంగా కూరి, ఎండలో తనే దాని పక్కన కూర్చుని పట్టుకున్నాడు. గీత పడకుండా గురజాల చేరింది. ఒక్కటే చిక్కు. ఆ గోతాల ఘాటు మిషన్లోకి దిగిపోయింది. కాగితం వేడెక్కి బయటికొచ్చినప్పుడల్లా మిరప వాసన గుప్పుమనేది. నేను తీసిన కాపీలు దాఖలు చేసినచోటల్లా వకీళ్లు తుమ్మారు, బెంచి గుమాస్తా తుమ్మాడు, జడ్జిగారు కూడా ఓసారి తుమ్మారని బాబాయి గర్వంగా చెప్పాడు. నేనైతే ఆ ఏడాదంతా తుమ్ముతూనే ఉన్నాను, కాకపోతే నా సొంత షాపులో.

పగిలిన మిషన్ని రెండోసారీ వెనక్కి పంపాం, కట్టిన డబ్బుని బాబాయి ఎలాగో రాబట్టాడు. ఆ విజయం తర్వాత ఆయనకి నిజంగానే ఇద్దరు కక్షిదారులు దొరికారు. షాపు ఇప్పటికీ కోర్టు ఎదురుగానే ఉంది. మొన్నొక రోజు ఏదో విడిభాగం కోసం ఫోనులో వెతుకుతుంటే ఓ బొమ్మ కనపడింది. "చాలా మంచి కండిషన్. ఒక్కరే వాడారు." ఈసారి మూత తెరిచిన బొమ్మ కూడా పెట్టారు. మూలన పసుపు మరక, బారెడు తోక. అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "నా చేతి శ్రీనే. ఎన్నూళ్లు తిరిగిందో పాపం. తెచ్చేసుకుందామా అబ్బాయ్?" అంది. నీకేమన్నా మతి పోయిందా అని కసిరాను. కసిరాక ఆ బొమ్మని మళ్లీ చూశాను. నడుమెత్తు మిషన్ని బొమ్మ చూసి నమ్మిన ఆ కుర్రవాడు, మొహం నిండా నల్లపొడితో, ఇంకా అక్కడే నిలబడి ఉన్నట్టనిపించింది. వేలు దానంతటదే కొనే గుర్తు దాకా పోయింది. ఎందుకైనా మంచిదని తలెత్తి గోడ మీద క్యాలెండర్ చూశాను. అష్టమి. ఫోను పక్కన పెట్టేసి, వాయిదాకొచ్చిన పెద్దాయన కాగితాలు అందుకున్నాను.