బావగారికి తగిన మాట

మా అక్క భర్త, మా బావగారు, పోయిన నెల ఒడిశాలోని బరంపురంలో కాలం చేశారు. పొద్దున్నే కాఫీ తాగి, పెన్ను పట్టుకుని తెలుగు పేపర్లో తప్పులు దిద్దుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. మూడో పేజీ దాకా దిద్దారు. మిగతా పేజీల వాళ్ళు బతికిపోయారు.

తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక, ఊళ్ళో ఎవరికి శాలువా కప్పినా సన్మానపత్రం ఆయనే రాసేవారు. పొగడ్తల్లో మహా పిసినారి. "ఒడియావోళ్ళు ఎవురినైనా 'ఆజ్ఞా' అని ఒక్క ముక్కతో మర్యాద కానిచ్చేస్తారు. మనకి ఇన్ని మాటలున్నాయి కదా, సూసి వాడాలి. గౌరవం కుర్చీకి, మెప్పు పనికి. అభిమానం దానంతటదే పుడతాది. ఆరాధన మాత్రం ఎవురికీ వద్దే మరదలా. పాపం, ఆ మనిషి మన ముందు తుమ్మనైనా తుమ్మలేడు," అనేవారు.

దగ్గర్లోని రంభ అనే ఊరి నుంచి వచ్చిన ఒక వ్యాపారి తనను 'మహనీయుడు' అని రాయమని పట్టుబట్టాడు.

"ఏటి బాబూ, ముందు మీ ఇంటావిణ్ణి అడిగి రా. ఒప్పుకుంటే రాసేస్తాను."

ఆ మనిషి మళ్ళీ కనబడలేదు.

నేనూ టీచర్నే. నా రిటైర్మెంటు సభలో ఆయన చదివింది ఇదీ: "మా మరదలంటే పిల్లలకున్నది భయం కాదు, జంకు. భయపడినవాడు పారిపోతాడు. జంకినవాడు చొక్కా సర్దుకుని లోపలికొస్తాడు." అంతకన్నా మంచి బిరుదు నాకెవరూ ఇవ్వలేదు.

ఆయన సంతాపసభకి ఫ్లెక్సీ మీద 'సాహితీ చక్రవర్తి' అని వేయిస్తామన్నాడు ఊళ్ళోని తెలుగు సంఘం ప్రెసిడెంటు. అక్క నన్ను పిలిచింది.

"ఆయన అందరికీ మాట తూకంగా ఇచ్చారు. ఆయనకి తప్పు మాట ఏస్తే నాను సభకి రాను. నువ్వే సెప్పు."

ఆలోచించాను. అక్క పెళ్ళిలో నా జడని కుర్చీకి కట్టేసిన మనిషిని 'గౌరవనీయులు' అనడానికి నోరు రాలేదు. పోనీ, పెద్దాయన కదా అని 'పూజ్యులు' అన్నాను.

"పూజ్యులా! తడి తువ్వాలు మంచం మీద పడేసే పూజ్యులు!" అక్క కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆయన పోయాక అదే మొదటి నవ్వు.

మాట దొరక్కుండానే భోజనాలకి కూర్చున్నాం. అక్క వడ్డించి, చారు కోసం వంటింట్లోకి వెళ్ళింది. అక్క వచ్చి కూర్చుంటే గాని బావగారు ఏనాడూ ముద్ద కలిపేవారు కారు. చూసి చూసి ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది.

"తినండర్రా, సల్లారిపోతాది!" లోపల్నుంచి అరిచింది.

ఎవరం కదల్లేదు.

అక్క చారుగిన్నెతో వచ్చి, చేతులు ముడుచుకుని కూర్చున్న మమ్మల్ని చూసింది. గిన్నె దించి, ఆయన కూర్చునే చోటు వైపు చూసింది.

"ఫ్లెక్సీ మీద పేరొక్కటే ఏయించు. సాలు," అని తన కంచం ముందు కూర్చుంది.

అప్పుడు అన్ని చేతులూ ఒక్కసారే అన్నంలోకి వెళ్ళాయి.