ఎంత కొంచెం?

మా జపాన్ వాళ్ల నోట ‘కాదు’ అనే మాట రాదు. పీక మీద కత్తి పెట్టినా రాదు. “అది కొంచెం...” అని సగం మాట గాల్లో వదిలేస్తారు. ఆ కొంచెం తర్వాత ఏముందని అడగడం మర్యాద కాదు. తల వంచి, “అర్థమైంది” అని ఫోన్ పెట్టెయ్యాలి. ఇతాబాషి స్టేషను వెనక సందులో ఇరవయ్యారేళ్లుగా అద్దె గదులు చూపించే దుకాణం నడుపుతున్నాను. నా పేరు కురోసె. ఈ సగం మాటలు ఏరుకోవడమే నా వృత్తి.

గది కోసం విదేశీయులు వస్తే, వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గది యజమానికి ఫోన్ చేస్తాను. “బుద్ధిమంతుడండీ, చదువుకుంటున్నాడు, కాకపోతే విదేశీయుడు” అంటాను. అవతలి నుంచి “అది కొంచెం...” అని వినిపిస్తుంది. నేను నవ్వు మొహం చెడకుండా ఇంకో నంబరు నొక్కుతాను.

పన్నెండేళ్ల కిందట నిలార్ అనే బర్మా అమ్మాయి వచ్చింది. ఇరవయ్యొక్కేళ్లుంటాయి. భాష నేర్చుకునే బడిలో చేరింది, తల దాచుకునే చోటు లేదు. ఏడు ఫోన్లు చేశాను. ఏడుసార్లూ ఫోన్ పెట్టేసి, “అది కొంచెం...” అని ఆమెకు చెప్పాను. ఏడోసారి ఆ పిల్ల బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి నా మొహంలోకి చూసింది.

“ఎంత కొంచెం?”

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అడ్డం కొంచెమే కదా, ఆ కాస్తా తనే ఏదో చేసి పూడ్చేద్దామని ఆమె ఆశ. అన్నేళ్లలో నన్నా ప్రశ్న అడిగినవాళ్లు లేరు. జవాబు దొరక్క ఎనిమిదో ఫోన్ ఇవాసా గారికి చేశాను.

ఆఖరి ఫోన్ ఎప్పుడూ ఆవిడకే. ఇవాసా సుమియె అంటే మా పేటలో తెలియనివారు లేరు. భర్త పోయాక, ఉన్న ఒక్క ఇంట్లో తనకు కింద ఒక గది ఉంచుకుని, మిగిలిన ఐదు గదుల్లో మంచాలూ బల్లలూ వేసి, విదేశీయులకు అద్దెకిచ్చేది. వంటిల్లూ స్నానాలగదీ అందరికీ ఒకటే. అందరికంటే ముందు ఆవిడకే ఫోన్ చేస్తే ఆ ఐదు గదులూ ఎప్పుడో నిండిపోయేవి. అందుకని మరీ దిక్కులేనివాళ్ల కోసం దాచుకునేవాణ్ని.

“అన్నం తినే పిల్లేనా?” అని అడిగింది ఇవాసా గారు ఆ రోజు. ఏ దేశమనీ, వీసా ఎన్నాళ్లనీ ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

“తింటుందండీ.”

“అయితే పంపించండి. కుక్కర్ పెద్దదే ఉంది.”

అలాగని ఆవిడ వెన్నపూసేం కాదు. వచ్చిన రోజునే తలా మూడు తువ్వాళ్లు చేతికిచ్చి, ఇరుగుపొరుగు మూడిళ్లకు వెళ్లి దణ్ణం పెట్టి ఇచ్చి రమ్మనేది. ఒకసారి ఎవరో ప్లాస్టిక్ చెత్త సంచిలో గుడ్డు పెంకులు కలిపి పారేస్తే, ఆ పెంకులు ఒక్కొక్కటీ ఏరి, కడిగి, పళ్లెంలో సర్ది, ఆ కుర్రాడి తలుపు ముందు పెట్టింది. ఆ తర్వాత వాడు గుడ్లు కొనడమే మానేశాడు.

ఇంట్లో చేరేవాళ్లు నింపాల్సిన కాగితం కూడా ఆవిడే స్కేలు పెట్టి గీసుకుంది. ఆఖరి గీత మీద ఆవిడ చేతిరాతే: ‘ఆపద వస్తే పిలవాల్సిన మనిషి. జపాన్‌లో ఉండాలి. ఈ ఇంట్లో ఉండకూడదు.’ అక్కడికొచ్చి పిల్లలు కలం పట్టుకుని దిక్కులు చూసేవారు. “ఖాళీ వదిలితే తీసుకోను” అనేది ఆవిడ. వాళ్లు బడి పంతుల్నో, పనిచేసే కొట్టు యజమానినో పట్టుకుని, బతిమాలుకుని, పేరు రాయించుకొచ్చేవారు.

నిలార్ ఆ ఇంట్లో ఆరేళ్లు ఉంది. తర్వాత భోజనం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీలో మేస్త్రీ అయింది. రెండు స్టేషన్ల అవతల పాత ఇల్లొకటి పూర్తిగా తీసుకుని, యజమాని ఒప్పుకోలుతోనే తనూ గదులు అద్దెకివ్వడం మొదలెట్టింది. ఇవాసా గారి కాగితాన్నే జిరాక్స్ తీసి వాడుకుంటోందని విని నేనూ ఆవిడా చాలాసేపు నవ్వుకున్నాం.

ఇక మొన్నటి ఫిబ్రవరి సంగతి. ఇల్లు ఇవాసా గారిదే కానీ, కింద నేల వేరొకరిది. ఆ పెద్దాయన పోయాడు. కొడుకు నవంబరులో కబురు పెట్టి, కౌలు గడువు తీరగానే నేల ఖాళీ చెయ్యమన్నాడు. మార్చి నెలాఖరు దాకా టైమిచ్చాడు. ఆవిడ ఒక్క మాట అనలేదు. మూడు నెలలు నా చుట్టూ తిరిగి, ఇంట్లో ఉన్న ఐదుగురికీ ఐదు చోట్ల గదులు కుదిర్చింది. ఐదోవాడు సామాను మోసుకెళ్లిన మర్నాడు మళ్లీ దుకాణానికొచ్చి, నా ఎదుట కుర్చీలో కూర్చుంది.

“ఇంకొకరున్నారు, కురోసె గారూ.”

“ఎక్కణ్ణుంచి తెస్తారండీ వీళ్లనీ? ఈసారి ఏ దేశం?”

“ఈ దేశమే.”

“అదేంటి కొత్తగా! మగా, ఆడా?”

“ఆడ.”

“వయసు?”

“డెబ్బై నాలుగు” అని ఒక్క క్షణం ఆగి, “అన్నం తింటుంది” అంది.

ఆవిడ తన కోసం అడుగుతుందన్న ఊహే నాకు రాలేదు. ఇవాసా గారంటే గదులిచ్చే మనిషి. గది అడిగే మనిషి కాదు.

మొదటి ఫోన్ ధైర్యంగానే చేశాను. “ఒక పెద్దావిడండీ, ఒంటరిగా ఉంటారు, చాలా శుభ్రం.” అవతల “అది కొంచెం...” అన్నారు. రెండోవారూ అదే మాట. మూడోవారూ అదే. పిల్లలు లేని డెబ్బై ఏళ్ల మనిషి గదిలో పోతే ఆ గది మళ్లీ ఎవరూ తీసుకోరని వాళ్ల భయం. ఆ భయం నాకు తెలియంది కాదు. ఎంతమంది పెద్దవాళ్లను ఈ కుర్చీలోంచే ఉత్త చేతులతో పంపించానో నాకే లెక్కలేదు. కానీ ఆవిడకు తెలియదు.

“నేనిక్కడే పుట్టాను కదా” అంది ఆవిడ, నాతో కాదు, బల్లతో అన్నట్టు. “ఈ స్టేషను పడగొట్టి కొత్తగా కట్టకముందు నుంచీ ఉన్నాను. నాకేం తక్కువ?”

ఆరో ఫోన్ చేపల కొట్టాయనకి. ఆయన గొంతు బొంగురు. రిసీవర్ దాటి బల్ల అవతలి దాకా వినిపిస్తుంది. “ముసలివాళ్లంటే అది కొంచెం... పోనీ విదేశీ కుర్రాళ్లెవరైనా ఉంటే పంపండి, కురోసె గారూ. వాళ్లైతే నాకే ఇబ్బందీ లేదు.”

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పదేళ్ల కిందట అదే మనిషి, విదేశీయులన్న మాట వింటేనే ఫోన్ పెట్టేసేవాడు.

“చూశారా, నేను పెంచిన పిల్లలు నన్ను దాటిపోయారు” అని నవ్వింది ఇవాసా గారు. నవ్వుతున్నది పెదవులే.

పదకొండు ఫోన్లయ్యాక నిలార్ గుర్తొచ్చింది. ముందే ఎందుకు తట్టలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఫ్యాక్టరీలో ఉన్నట్టుంది, వెనక మిషన్ల హోరు. విషయం గబగబా చెప్పాను.

“ఓనరమ్మకా?” అని అరిచింది నిలార్. తర్వాత గొంతు తగ్గింది. “అయ్యో, కురోసె గారూ... అది కొంచెం...”

చెంప మీద కొట్టినట్టయింది. “అర్థమైంది, అర్థమైంది. పనిలో ఉన్నారు, క్షమించండి” అని ఫోన్ పెట్టేశాను. ఇంకొకరి ‘కాదు’ను పూర్తిగా చెప్పించడం మా మర్యాద కాదు.

ఇవాసా గారు నా మొహం చూస్తూనే ఉంది. “ఆ అమ్మాయి కూడానా?”

“అది కొంచెం...” అన్నాను.

ఆవిడ లేచి, నడుం వంచి నాకు నమస్కరించింది. “ఆ అమ్మాయిని ఏమీ అనకండి. ఇల్లు నడిపేవాళ్ల బాధలు నాకు తెలుసు” అని వెళ్లిపోయింది. నేను మాత్రం అనకుండా ఉండలేకపోయాను. ఏరు దాటాక తెప్ప తగలేసే రకమని, ఆరేళ్లు ఎవరి కుక్కర్లో అన్నం తిన్నదో మరిచిపోయిందని, నిలార్‌ను మనసులో నాలుగు రోజులు తిట్టుకున్నాను.

ఐదో రోజు పొద్దున్నే దుకాణం తలుపు తోసుకుని నిలార్ వచ్చింది. ఫ్యాక్టరీ టోపీ కూడా తియ్యలేదు.

“ఓనరమ్మ ఎక్కడండీ? మంచం వేసి, దుప్పట్లు ఎండబెట్టి నాలుగు రోజులైంది. ఆవిడ ఫోను మోగుతుంది కానీ ఎత్తరు!”

“మంచమేంటి? మీరు కాదన్నారు కదా?”

“నేనా? ఎప్పుడు?”

“అది కొంచెం, అన్నారు.”

“అన్నాను. అది కొంచెం ఎత్తు! ఖాళీ ఉన్నది మేడ మీది గదొక్కటే, ఓనరమ్మ మోకాళ్లకి మెట్లెక్కడం కష్టం. నేను పైకెళ్లి, కింద నా గది ఇస్తానని చెప్పబోతుంటే మీరే ‘అర్థమైంది, అర్థమైంది’ అన్నారు. అబ్బ, ఎంత చురుకైన మనిషి, చెప్పకముందే గ్రహించారే అనుకుని సంబరపడ్డాను. ఆ రాత్రే సామానంతా పైకి మోసుకున్నాను.” టోపీ తీసి బల్ల మీద పెట్టింది. “ఇంతకీ మీకేం అర్థమైంది?”

పన్నెండేళ్లు మా మధ్య ఉండి, మా భాషలో మాతో తగవులాడుతున్న మనిషి నిలార్. అయినా కొంచెం అంటే కొంచెమే ఆమెకి. మాటకున్న అర్థంతోనే మాట్లాడింది. మర్యాద పేరు చెప్పి ఆ మాట పీక నొక్కినవాణ్ని నేను. దుకాణానికి తాళం కూడా వెయ్యకుండా ఇద్దరం పరుగెత్తాం.

ఇవాసా గారింటి తలుపు తీసే ఉంది. లోపల ఏమీ లేదు. బల్లలు, మంచాలు, ఆ పెద్ద కుక్కర్, ఏదీ లేదు. బోసి చాప మీద ఒక్క పెట్టె పక్కన ఆవిడ కూర్చుని ఉంది. కొండల్లో ఎక్కడో వృద్ధాశ్రమంలో గదికి నలుగురి చొప్పున ఉంచుకుంటారట, ఒక పెట్టె తెచ్చుకోమన్నారట, ఎల్లుండి ప్రయాణమట. ఎత్తితే నిలార్ నోటితో ‘కాదు’ చెప్పించినట్టవుతుందని ఫోను ఎత్తలేదట.

“వద్దు, ఓనరమ్మా! గది ఉంది, కింది గది” అంటూ నిలార్ ఆవిడ చేతులు పట్టుకుంది. జరిగిందంతా నేనే చెప్పాను, తల ఎత్తకుండా. చెప్పి తల ఎత్తేసరికి గోడ కనిపించింది.

ఆ గోడకి మామగారి కాలం నుంచీ చెక్క పూజామందిరం ఉండేది. అందులో భర్త ఫొటో. కుక్కర్లోంచి తీసిన మొదటి ముద్ద రోజూ ఆయనకే. జ్వరం వచ్చిన రోజు కూడా ఆవిడ అది మానలేదు. ఇప్పుడక్కడ గోడ మీద తెల్లటి నలుచదరపు మచ్చ మిగిలింది.

“మందిరం?” అన్నాను.

“ఆశ్రమంలో అగరొత్తులు వెలిగించనివ్వరట. నిన్న పొద్దున్న గుడి నుంచి వచ్చి మంత్రం చదివి తీసుకెళ్లారు.”

“వెళ్లి తెచ్చేద్దాం, ఇప్పుడే!”

“నిన్న సాయంత్రమే పద్ధతి ప్రకారం కాల్చేశారు, కురోసె గారూ.”

నిలార్ గట్టిగా ఏడ్చేసింది. ఇవాసా గారు ఏడవలేదు. చేతిసంచిలోంచి భర్త ఫొటో తీసి, చేతి రుమాలుతో తుడిచి, మళ్లీ లోపల పెట్టుకుంది. “ఆయనతో చెప్పే పంపాను. మనిద్దర్నీ ఉంచుకునే ఇల్లు దొరకలేదండీ, అని.”

నన్ను తిడుతుందేమోనని చూశాను. తిట్టినా బాగుండేది. నా బతుకులో అంత సిగ్గుపడింది లేదు. ఒక్క రోజు. ఒక్క రోజు ముందు నేనా సగం మాటను పూర్తిగా విని ఉంటే!

అదే సాయంత్రం నిలార్ ఇంటి వంటింట్లో ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. పక్కన కుక్కర్ బుసలు కొడుతోంది. నిలార్ మొహమాటంగా కాగితం తెచ్చి ఇవాసా గారి ముందు పెట్టింది. ఇవాసా గారి కాగితమే, జిరాక్సుకి జిరాక్సు తీసి గీతలన్నీ వంకర పోయాయి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అన్నీ చక్కగా రాసింది. ఆఖరి గీత దగ్గర కలం ఆగింది.

“నా పేరు రాయండి ఓనరమ్మా” అంది నిలార్.

“ఈ ఇంట్లో ఉండకూడదు అని రాసుంది.”

“రాసింది మీరే కదా!”

“నేనే. ఎంతమంది పిల్లల్ని ఏడిపించానో దీంతో.” కాసేపు ఆ గీతనే చూసి, మెల్లగా నా వైపు తిరిగింది. “మీ పేరు రాయనా, కురోసె గారూ?”

దుకాణంవాళ్లం అలా పేరివ్వకూడదు. ఒకరికిస్తే అందరూ అడుగుతారు. ఇరవయ్యారేళ్ల అలవాటు, నన్ను అడక్కుండానే నా నోరు తెరుచుకుంది.

“అది కొంచెం...”

నా చెవులతో నేనే విన్నాను, ఇంత జరిగాక కూడా. నిలార్ నన్ను చూస్తోంది. ఇవాసా గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా తెచ్చి, నవ్వకుండా నా ముందుంచింది.

“ఎంత కొంచెం?”

నేను కాగితం లాక్కున్నాను. పేరు రాశాను, నంబరు రాశాను. పక్కనే ఇంకో చిన్న గడి ఉంది, ‘ఈ మనిషికి ఏమవుతారు?’ అని. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

“ఖాళీ వదిలితే తీసుకోను” అంది ఇవాసా గారు, తన పాత గొంతుతో.

నిజం రాయాలంటే, ఆవిడ మొగుడి మందిరాన్ని కాల్పించినవాడు అని రాయాలి. ‘తెలిసినవాడు’ అని రాసి కాగితం ఆవిడ చేతికిచ్చాను.