ఊరికే ఇచ్చిన వారంటీ

సొంత ఇంటికి నీళ్లు రాకుండా తన చేత్తో తానే చేసుకున్న మనిషి ఒకడు యాంగోన్‌లో ఉన్నాడు. వాణ్ణి నేనే. తీరిగ్గా నవ్వుకుందురుగాని, ముందు జరిగింది వినండి.

ఊళ్లోని తాకేటా పేటలో అయిదో అంతస్తులో కొత్త ఫ్లాటు కొన్నాం. కింద పంపు వేస్తేనే మా ట్యాంకులోకి నీరెక్కేది. తాళాలిస్తూ బిల్డర్ ఊ ట్విన్ నా పేరుకి ముందు మర్యాదగా 'కో' తగిలించి బర్మీస్‌లో చెప్పాడు: "కో అప్పారావ్, ఏడాదిపాటు పంపు, వైరింగు, గోడలు, ఏది దానంతటది పాడైనా మాదే బాధ్యత. ఉచితంగా బాగుచేస్తాం. మీరు మాత్రం ఏదీ విప్పకండి. విప్పితే వారంటీ పోతుంది."

ఉచితం అన్నాడో లేదో, నాకు అనుమానం పట్టుకుంది. ఈ రోజుల్లో ఊరికే ఎవడైనా ఏదైనా చేస్తాడా, మీరే చెప్పండి. పైగా పంపు మూత మీద సీలు కాగితం అంటించి ఉంది.

"పాత మోటారుకి రంగేసి పెట్టినట్టున్నాడే," అన్నాను మా ఆవిడ వరాలుతో.

"మీకేటి పనండీ? పాడైతే ఆళ్లే సేస్తారు గదా."

"అదేనే నేననేది. పాడవుతాదని తెలీకపోతే ముందే ఎందుకు సెప్తాడు?"

"ఆదివారం గృహప్రవేశం. మనోళ్లందరూ బోజనానికొస్తారు. నీళ్లు లేకపోతే నేను సంచౌంగ్‌లో మా అక్కింటికి ఎల్పోతాను. మీరే వండి వడ్డించుకోండి."

శనివారం వరాలు బజారుకెళ్లగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందికి దిగాను. సీలు చింపి మూత తీశాను. లోపల అంతా పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. ఒక్క తుప్పు మరక లేదు. నాకెంత నిరాశ కలిగిందో చెప్పలేను. ఇంత కొత్తగా ఉందంటే మోసం ఇంకా లోపలెక్కడో దాచాడని మరో రెండు భాగాలు విప్పాను. అన్నీ మళ్లీ బిగించి స్విచ్ వేస్తే పంపు ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

సాయంత్రం వరాలు కబురంపితే ఊ ట్విన్ వచ్చి చిరిగిన సీలు చూశాడు. "ఎవరు విప్పారు?"

"దొంగలేమో," అన్నాను. "ఈ వీధి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే."

"ఏం ఎత్తుకుపోయారు?"

"వారంటీ," అంది వరాలు వెనక నుంచి, నా జేబులోని స్క్రూడ్రైవర్ లాగుతూ.

రిపేరు ఖర్చు మా నెత్తినే పడింది. ఆదివారానికి నీళ్లొచ్చాయి, వరాలు ఉండిపోయింది. ఊ ట్విన్ భోంచేసి వెళ్తూ, ఆడవాళ్లని పిలిచే 'మ' మర్యాదగా తగిలించి, ఆవిడతో అన్నాడు, "మ వరాలు, పంపుకి మళ్లీ ఏడాది వారంటీ ఇస్తున్నాను. ఒకటే షరతు. మీ ఆయన మెట్లు దాటి పంపు దగ్గరికి రాకూడదు." వరాలు వెంటనే ఒప్పుకుంది.

నేనూ అందరి ముందూ చెయ్యెత్తి ప్రమాణం చేశాను, ఈ జన్మలో సీలున్న మూత ముట్టనని. ఇప్పటికీ మాట తప్పలేదు. అయితే నన్ను అంత దూరంలో ఎందుకు ఆపాడో తేలాలి కదా. అందుకే రోజూ చివరి మెట్టు మీద కూర్చుని ఆ పంపునే చూస్తున్నాను.